జీలుగు చెట్టు కోసం జరిగిన ఇల్లు

మొన్న మంగళవారం మా కల్లూరు ఇంటి వెనక పక్కింటివాళ్ళ కొబ్బరిచెట్టు మా ప్రహరీ మీదికి ఇంకాస్త వంగింది. ఇంకాస్త అని ఊరికే అనడం లేదు. వానలకు ముందు ఆ కాండానికీ మా గోడకీ మధ్య నా జానెడు పట్టేది. ఇప్పుడు నాలుగు వేళ్ళు పట్టడమే కష్టంగా ఉంది. టీవీలో వాయుగుండం అంటున్నారు, వంటగది పైకప్పు సరిగ్గా ఆ చెట్టు పడే దారిలో ఉంది. పక్కింటివాళ్ళు హైదరాబాద్‌లో వ్యాపారం పెట్టుకుని ఏడాదికోసారి వచ్చి తాళం తీసి దుమ్ము దులిపి వెళ్తారు. ఆ ఇంటి కోడలికి ఫోన్ చేశాను. "కొట్టించెయ్యండి ఆంటీ, మాకేం అభ్యంతరం లేదు" అంది, పక్కన ఎవరికో కూర ఏం తేవాలో చెబుతూనే. పొయ్యి మీద పెట్టిన పాలు ఇంకా పొంగనే లేదు, అనుమతి వచ్చేసింది. నా భయం తీరాలి కదా, తీరలేదు. ఇంకా పెరిగింది. ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడి, వెనకటికి ఒకసారి ఇలాంటి అనుమతి కోసమే నేను గోదావరి పాయ దాటి వెళ్ళడం గుర్తుచేసుకున్నాను.

అది భద్రాచలం దాటాక ఉన్న చిన్న ఊరు. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క దాని పాయ. ఎండాకాలం పాయలో ఇసుక తేలితే ఎడ్లబండ్లు తిరిగేవి, అప్పుడు మాదీ అందరి ఊళ్ళలాంటి ఊరే. మృగశిర కార్తె వచ్చి పాయలో నీళ్ళు పారాయంటే మేము లంకవాళ్ళం అయిపోయేవాళ్ళం. రెండు తాటిదోనెలు పక్కపక్కన కలిపి కట్టిన సంగడి ఒకటే దారి. మా అత్తగారిది బోనకల్ వైపు. అక్కడ అన్నదమ్ములు పంచుకోగా మా ఆయనకు మిగిలిన పొలం చెక్క మీద నమ్మకం పోయి, ఎవరో చెప్పగా ఈ ఊరికి వచ్చి ఉప్పూ పప్పూ కిరసనాయిలూ అమ్మే కొట్టు పెట్టారు. పెళ్ళయిన మూడో ఏడు నేను ఆ కొట్లోకి కాపురానికి వెళ్ళాను. కొట్టన్నా ఇల్లన్నా ఒకటే. మద్ది గుంజలు, మట్టి మెత్తిన తడికలు, పైన తాటాకు. ముందు గదిలో త్రాసు, వెనక గదిలో మేము, ఆ వెనక చూరు కింద తుంటి విరిగి మంచాన పడ్డ మా అత్తగారు.

ఆస్తి సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అక్కడ మాలాంటి బయటివాళ్ళకు నేల రాసివ్వకూడదు. అది మంచి చట్టమేనని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. కాబట్టి ఇల్లు మాది, నేల మాది కాదు. నేల ఆ కోయగూడెం పెద్దాయనది. "ఇక్కడ ఏసుకో" అని కాలితో గీత గీసి చూపించాడు, అంతే. కిరాయి అడగలేదు, కాగితం అడగలేదు. నేను అడిగాను, కాగితం. "మాట ఇచ్చిన గద బిడ్డా, మళ్ళ కాగితమెందుకు, మాట తడుస్తదా?" అన్నాడు. ఏదైనా రాసి పెట్టుకుంటే తప్ప అన్నం అరగని మనిషిని నేను. ఆ మాట మీద ఆరేళ్ళు పడుకోవడం నాకెంత కష్టమైందో ఆయనకు తెలియదు.

ఇంటికి ఉత్తరాన, చిన్న బోదె కాలువ గట్టు మీద ఒక జీలుగు చెట్టు ఉండేది. జీలుగు తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తాటిచెట్టులా నిలువుగా పెరుగుతుంది కానీ ఆకులు చేపతోకల్లా చీలి వేలాడుతుంటాయి. దాని గెలకు కోత పెడితే కల్లు కారుతుంది. పైనుంచి కిందికి ఒక్కో గెలే వేసుకుంటూ వస్తుంది. అట్టడుగు గెల కారడం అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. అంటే దాని ఆయుష్షు ఎంత మిగిలిందో కింద నిలబడి చూసి చెప్పొచ్చు. పెద్దాయనే ఎక్కి గీసేవాడు. పొద్దున్నే చెట్టు కింద గూడెంవాళ్ళు కూర్చుని ఆకు దొప్పల్లో తాగి లేచేవాళ్ళు. వాళ్ళు లేచేటప్పుడు మా కొట్లో పొగాకూ బెల్లమూ అమ్ముడుపోయేవి గనుక మా ఆయనకు ఆ చెట్టంటే ప్రేమే.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. రెండు వానలకే బోదె గట్టు కోసుకుపోయి, ఒక పొద్దున లేచి చూస్తే చెట్టు మా ఇంటి మీదికి వాలి ఉంది. ఎంత ఎత్తో తెలియకపోతే ఎంత భయపడాలో తెలియదు కదా. ఎండ కాస్త రాగానే ఒక కట్టె నిలబెట్టి, దాని నీడా చెట్టు నీడా అడుగులతో కొలిచి లెక్క కట్టాను. పడితే తల ఎక్కడికి వస్తుందా అని అడుగులు వేసుకుంటూ ఇంట్లోకి వెళ్ళాను. మా అత్తగారి మంచం కోడు దగ్గర లెక్క ఆగింది. ఆవిడ కళ్ళు తెరిచి, "ఏంటే, ఇల్లు కొంటున్నావా, కొలుస్తున్నావు?" అన్నారు. మంచం ముందు గదిలోకి మార్చుదాం అన్నాను. ముందు గదిలో నాలుగు నెలలకు సరిపడా తెచ్చిన ఉప్పు బస్తాలూ బియ్యమూ కిరసనాయిలు డబ్బాలూ కప్పు దాకా ఉన్నాయి. పాయ నిండిందంటే బండి రాదు, కాబట్టి మాకున్నదంతా ఆ కప్పు కిందే ఉంది. "ఉప్పు బస్తాల మధ్య పడుకోవడానికి నేనేమన్నా ఊరగాయనా? చెట్టు పడితే పడనీ" అన్నారు ఆవిడ.

మా ఆయన గొడ్డలి తీసి రాతి మీద నూరడం మొదలుపెట్టారు. ఆ చప్పుడుకే కాబోలు, పెద్దాయన వచ్చాడు.

"ఏంది అల్లుడా, పొద్దుగాల పొద్దుగాల గొడ్డలి నూరుతున్నవ్?"

"చెట్టు ఇంటి మీదికొచ్చింది పెద్దయ్యా. కొట్టేద్దామని."

"ఎవరి చెట్టు?"

"మీ నేల మీదే కదా ఉంది."

"నేల నాదే. చెట్టు నాది గాదు. నా చెల్లె పెండ్లప్పుడు దానికిచ్చిన. నేను గీస్త, కల్లుల దాని పాలు దానికి పోతది. అది వచ్చి చూసి అవ్ అంటేనే గొడ్డలి పడాలె."

మా ఆయనకు అది బుర్రకెక్కలేదు. బోనకల్‌లో నేల కొంటే చెట్టూ, చెట్టు మీది కాకిగూడూ కూడా కొన్నట్టే. ఇక్కడ నేల ఒకరిది, చెట్టు ఇంకొకరిది, ఇల్లు మరొకరిది. ఆయన ఇంకా ఏదో వాదించబోతుంటే పెద్దాయన గొంతు తగ్గించి చెప్పాడు: "మీకన్న ముందు ఒక సావుకారి ఉండె. గిట్లనే వేరేటోళ్ళ ఇప్పచెట్టు నరికిండు. ఇప్పుడు లేడు."

నేను ముందుకొచ్చాను. "చనిపోయాడా పెద్దయ్యా?"

"చావలే. ఊర్లె ఎవరూ ఆయన కాడ ఉప్పు కొనలే. ఎల్లిపోయిండు."

ఆ మాటతో భయం రెండయింది. చెట్టు పడితే ఇల్లు పోతుంది, చెట్టు కొడితే ఊరు పోతుంది. మా ఆయన గొడ్డలి లోపల పెట్టి, తాడు తెచ్చి చెట్టు నడుముకు కట్టి రెండో కొస బోదె అవతలి మొద్దుకు బిగించారు. సంగడి నడిపేవాడు అటుగా పోతూ ఆగి చూసి, "కట్టేసినవా? మేత గూడ ఏస్తవా?" అని నవ్వుకుంటూ పోయాడు. నేను వాడి వెనకే పరుగెత్తాను. పెద్దాయన చెల్లెలిని ఇచ్చింది పాయ అవతల, గుట్ట కింద గూడెంలో. మగవాళ్ళు వెళ్తే మాట పెరుగుతుంది, నువ్వే పో బిడ్డా అని పెద్దాయన అన్నాడు. నాకు ఈత రాదు. ఆ ఊళ్ళో పాయ నిండే నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అవసరం లేకుండా సంగడి ఎక్కని మనిషిని. "ఎర్రనీళ్ళు దిగినయ్" అన్నాడు సంగడివాడు. "ఇయ్యాల పోదాం, ఇయ్యాల వద్దాం. రేపటి సంగతి నన్నడగకు." దోనెల మధ్య కట్టిన వెదురు పట్టుకుని కూర్చున్నాను. ముందుకు చూస్తే నీళ్ళు, వెనక్కి చూస్తే చెట్టు. వెనక్కే చూస్తూ వెళ్ళాను. గాలికి దాని ఆకులు ఊగినప్పుడల్లా నా పళ్ళు బిగుసుకునేవి.

ఆమె ఇంట్లో లేదు. గుట్టవారన చేలో తడి మీద జొన్న చల్లుతోంది. నాకంటే పదేళ్ళు పెద్ద, మోచేతుల దాకా పచ్చబొట్లు, నడుముకు విత్తనాల మూట. వాళ్ళలో వాళ్ళు కోయ మాట్లాడుకునేవాళ్ళు, నాతో తెలుగులో మాట్లాడింది.

"అక్కా, నీ చెట్టు వాలింది" అన్నాను.

"ఎంత?"

ఆ ప్రశ్న నాకెంతో నచ్చింది. అంతవరకు ఎవరూ ఎంత అని అడగలేదు. కట్టె నీడా, చెట్టు నీడా, మా అత్తగారి మంచం కోడూ అన్నీ వివరంగా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "నీ కట్టె చెప్తే నాకేంది? నేను చూడాలె" అంది.

"సంగడి ఆగి ఉందక్కా. ఇప్పుడే రా."

"తడి ఆగదు. విత్తనం అయినంక వస్త."

చేను చూస్తే సగం కూడా అవలేదు. ఆకాశం చూస్తే దక్షిణాన నలుపు కమ్ముతోంది. నిలబడి చూడలేక చీర పైకి దోపుకుని ఒక దొప్పెడు విత్తనాలు తీసుకుని నేనూ దిగాను. అంగుళం తేడా రాకుండా జాగ్రత్తగా వేస్తున్నాననుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి చూసి గట్టిగా నవ్వింది. "సావుకారమ్మా, చల్లుతున్నవా, తూకం ఏస్తున్నవా? గిట్ల ఏస్తే దీపావళికి గూడ కాదు. చెయ్యి వదులు!" చెయ్యి వదలడం ఆ రోజు వరకు నాకు ఎవరూ నేర్పలేదు. వదిలాను. పొద్దు వాలకముందే చేను అయింది. తిరుగు ప్రయాణంలో నీళ్ళు పెరిగి సంగడి అడ్డంగా కొట్టుకుపోతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె కాళ్ళు నీళ్ళలో వేలాడేసి కూర్చుని మా ఒడ్డు వైపు చూస్తూ, "తెరువు కండ్లు. నిలబడే ఉన్నది" అంది.

దిగి నేరుగా చెట్టు దగ్గరికి వెళ్ళింది. మా ఆయన కట్టిన తాడు చూసి ముడి విప్పేసింది. వేళ్ళ దగ్గర మట్టి కాలితో నొక్కి చూసింది, కాండం మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది, తల ఎత్తి చాలాసేపు పైకి చూసింది. ఇక గొడ్డలి తెమ్మంటుందని మా ఆయన గడపలో సిద్ధంగా ఉన్నారు.

"ఇంక రెండు గెలలు ఉన్నయ్" అంది. "రెండేండ్లు కారుతది. నేను కొట్టనియ్య."

నాకు ఏడుపొచ్చింది. పాయ దాటి, విత్తనాలు చల్లి, తీసుకొచ్చింది ఇందుకా. "మరి మా అత్తగారు ఏం కావాలక్కా?"

"మీ అత్తను జరుపు."

"ఇంట్లో చోటు లేదు."

"ఇల్లు గూడ జరుపు" అంది, చెంబు జరపమన్నంత మామూలుగా. "చెట్టు ఎటు పోతది? నాటుకున్నది. ఇల్లు పోతది. గుంజలు పీకి నాటొచ్చు గద."

మా ఆయన నవ్వారు. ఆయన ఒక్కరే నవ్వారు. పెద్దాయన అప్పటికే ఇంటికి దక్షిణం వైపు నడిచి, కాలితో ఇంకో గీత గీస్తున్నాడు. నేను పోయి గీత దగ్గర నిలబడి అడుగులు కొలిచి, "ఇంకో నాలుగడుగులు అటు" అన్నాను. "నాలుగేంది, పది పో. నేలకేమన్న కరువా?" అని చెరిపి మళ్ళీ గీశాడు. ఆ గూడెంలో ఎవరింట్లోనైనా కీడు జరిగినా, చెద పట్టినా, పక్కవాళ్ళతో పడకపోయినా ఇల్లు విప్పి పక్కకు వేసుకోవడం వాళ్ళకు ఉన్నదేనట. మాకే ఇల్లంటే కదలనిది.

మర్నాడు తెల్లవారేసరికి ఊరు ఊరంతా వచ్చింది. కొత్తచోట గుంతలు తవ్వారు. మా అత్తగారిని మంచంతో సహా బయట చెట్టుకు దూరంగా పెట్టి, చేతికి గొడుగిచ్చాం. ఆవిడ పక్కన ఉప్పు బస్తాలు, బియ్యం, డబ్బాలు, త్రాసు. మా సంసారం మొత్తం ఆకాశం కింద ఉంది. బస్తాలు లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను. కట్లు కోసి, లోపల మగవాళ్ళంతా చేరి, ఒక్క కేకతో కప్పు పైకెత్తారు. తాటాకు కప్పు కింద వరసగా కాళ్ళు మాత్రం కనబడుతూ అది నడిచింది. ఒక పెద్ద జంతువు నిద్రలేచి మేతకు పోతున్నట్టుంది. "నెమ్మదిరా నాయనా, అందులో నా వక్కల సంచి ఉంది!" అని అత్తగారు గొడుగు ఊపుతూ అరిచారు. కప్పును కొత్తచోటికి తెచ్చి, దుంగల మీద నేలకు దించి, గుంజలు పీకడానికి వెనక్కి వెళ్ళారు. సగం గుంజలు పీకారో లేదో వాన దిగింది.

ఉప్పు తడిస్తే మా నాలుగు నెలలు నీళ్ళలో కలిసినట్టే. నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. ఎవరు ఏది పట్టుకున్నారో కూడా గుర్తులేదు. చిటికెలో బస్తాలూ డబ్బాలూ మంచమూ అత్తగారూ అందరూ నేల మీదున్న ఆ కప్పు కిందికి వంగి దూరారు. గోడలు లేవు, గుంజలు లేవు, వంగి కూర్చుంటే తాటాకు తలకు తగులుతోంది. ఆ చీకట్లో ఊరంతా మోకాళ్ళు మోకాళ్ళు ఆనించుకుని కూర్చుంది. తడిసిన మనుషుల వాసన, కిరసనాయిలు వాసన, జీలుగు కల్లు పులుపు. బయట గాలి లేచింది. చెట్టు కిర్రుమంటే అందరూ మాటలు ఆపేశారు. పాత ఇంటి చోట పీకకుండా మిగిలిన గుంజల దగ్గర మా ఆయన గునపాలు తీయడానికి వెళ్ళి ఇంకా రాలేదు. నా లెక్క ప్రకారం ఆయన సరిగ్గా చెట్టు తల పడే చోట ఉన్నారు. లేవబోయాను. చెట్టు గలామె నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, చూరు కిందినుంచి బయటికి చూస్తూ కోయలో ఏదో గట్టిగా చెప్పింది, ఎవరినో మందలిస్తున్నట్టు.

"ఏమన్నావక్కా?"

"దానికి చెప్పిన. ఆగు, మనుషులు ఇంక జరుగుతనే ఉన్నరు అని."

మా అత్తగారు చీకట్లోంచి, "వింటుందా?" అన్నారు.

"నా మాట ఇనకపోతే ఇంకెవరి మాట ఇంటది?"

కాసేపటికి గునపాలు భుజాన వేసుకుని మా ఆయన వంగి లోపలికి వచ్చారు, నీళ్ళు కారుతూ. నా పక్కన చోటు లేక ఉప్పు బస్తాల మీద బోర్లా పడుకున్నారు. ఎవరో నవ్వారు, అందరూ నవ్వారు. వాన వెలిశాక మిగతా గుంజలు పీకి నాటి, సాయంత్రానికి ఇల్లు నిలబెట్టారు. ఒక బస్తా ఉప్పు అడుగున తడిసింది, అంతే. ఆమె మాత్రం పాయ నిండిపోవడంతో నాలుగు రోజులు మా కొత్తచోటి ఇంట్లోనే ఉండిపోయింది. వెళ్ళేటప్పుడు అత్తగారి వక్కల సంచిలోంచి అడగకుండా నాలుగు వక్కలు తీసుకుంది. మా అత్తగారు చూసి కూడా ఏమీ అనలేదు. ఆవిడ అలా ఊరుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చెట్టు పడలేదు. ఆమె చెప్పినట్టే రెండేళ్ళు కారింది. కల్లు కాలం వచ్చినప్పుడు మొదటిరోజు కల్లు సొరకాయ బుర్రలో పోసి ఆమె పాలు ఆమెకు పంపేముందు పెద్దాయన మా చూరుకు కూడా ఒక బుర్ర తగిలించేవాడు. ఆమె చెప్పిందట, ఇల్లు జరిపినవాళ్ళకు కూడా పాలు ఉంటుందని. ఆ తర్వాత చెట్టు నిలువునా ఎండింది. ఇంకో ఏడాదికి, ఆకు కదలని ఒక ఎండాకాలపు మధ్యాహ్నం, దానంతట అదే పడింది. మా వైపు కాదు. అటు వైపు, బోదెలోకి. నా కట్టె నీడ లెక్క ఎత్తు విషయంలో సరిగ్గానే తేలింది, పరుగెత్తుకు పోయి కొలిచాను. దిక్కు విషయంలోనే తప్పింది. మా అత్తగారు మంచం మీదినుంచి అది విని, "దీనికోసమా నన్ను మంచంతో సహా ఊరేగించారు!" అన్నారు. చనిపోయేవరకు ఆ మాట వదల్లేదు. చెట్టు గలామె పాయ దాటి వచ్చి, పడ్డ మానును ఒకసారి చేత్తో తట్టి, చీల్చి పశువులకు నీళ్ళతొట్టి చేయించుకుని తీసుకుపోయింది.

ఇప్పుడు నాది స్లాబ్ ఇల్లు. రిజిస్ట్రేషన్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో బీరువాలో ఉన్నాయి. నేలా నాదే, గోడలూ నావే. ఈ ఇంటిని నలుగురు కాదు, నాలుగొందల మంది వచ్చినా ఒక్క జానెడు జరపలేరు. ఈ పొద్దున చెట్లు కొట్టేవాడు రంపం తీసుకుని వచ్చి, "ఇదేనా అమ్మా?" అని అడిగాడు. ఆగమన్నాను. పక్కింటి కోడలికి మళ్ళీ ఫోన్ చేసి, "నువ్వొకసారి వచ్చి చూసి చెప్పమ్మా" అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "చెప్పాను కదా ఆంటీ, ఓకే అని" అంది. "చెప్పావు. చూడలేదు" అన్నాను. ఆదివారం వస్తానంది. చెట్లు కొట్టేవాడు నన్ను వింతగా చూసి వెళ్ళిపోయాడు. వంట సామాను ముందుగదిలోకి మార్చుకుని కూర్చున్నాను. వాయుగుండం తీరం దాటుతోందట, వెనక మట్టలు కొట్టుకుంటున్నాయి, ఆదివారం ఇంకా రాలేదు. పాయ అవతలి చేలో విత్తనం అయ్యేవరకు నిలబడ్డ ఆ పూటను ఎంత తిట్టుకున్నానో అప్పుడు. చెట్టు గలామె కోసం ఎదురుచూసేంత వ్యవధి ఈ కాలం ఎవరికీ ఇవ్వడం లేదు గనుక, ఆ వ్యవధిని ఇప్పుడు నేనే అడిగి తీసుకున్నాను.